తేరుకొనే కాలం

మన భాషలో జబ్బుపడడానికి మాటలకు కొదవ లేదు. జ్వరం తగులుతుంది, పడిశం పడుతుంది, మనిషి మంచమెక్కుతాడు, మూలపడతాడు. నయమైన పిదప చెప్పుకొనే మాటలూ తగినన్ని ఉన్నవి: లేచి తిరుగుతున్నాడు, నలుగురిలో పడ్డాడు, పనిలో దిగాడు. ఈ రెంటి నడుమ ఒక కాలమున్నది. అప్పటికి జబ్బు పోయి ఉంటుంది, బలం మాత్రం ఇంకా వచ్చి ఉండదు. దానికి మన పెద్దలు వాడిన మాట ‘తేరుకోవడం’. నీరు తేరడమూ మనిషి తేరుకోవడమూ ఒకే మాటలోనుంచి వచ్చినవి. వానాకాలంలో చెరువునీరు బురదగా ఉన్నప్పుడు కడవ లోపలి అంచున చిల్లగింజను అరగదీసి ఆ నీటిని పోసి ఉంచేవారు. కొంతసేపటికి మడ్డి అడుగున చేరి పైన తేట మిగిలేది. ఇందులో గింజ చేసే పని కొంత, కడవను కదపకుండా ఉంచడం చేసే పని కొంత. గింజ లేనిదే బురద త్వరగా దిగదు. దిగే సమయాన కడవను కదిపితే గింజ ఎంత అరగదీసినా ప్రయోజనం లేదు. రోగానికి మందూ, రోగికి విశ్రాంతీ అన్నవి కూడా ఇటువంటివే. ఒకటి చేయవలసిన పనిని రెండవది చేయదు.

‘పథ్యం’ అన్న మాటనూ మనం ఇట్లాగే కుదించి వేశాము. పథ్యమంటే వంకాయ మానడం, పులుపు మానడం అనుకొంటున్నాము. పాణిని వ్యాకరణం ప్రకారం పథం నుండి, అంటే దారినుండి, తొలగనిది పథ్యం. అందులో తిండి ఒక భాగం మాత్రమే. ఎంతదూరం నడవాలి, ఎప్పుడు కూర్చోవాలి, ఏ పనికి ఎప్పుడు చేయి పెట్టాలి అన్నవన్నీ పథ్యంలోనివే. చరకసంహిత జ్వరం విడిచినవాడికి వ్యాయామం, స్నానం, అటూయిటూ తిరుగుళ్లు వద్దంటుంది. ఎన్నాళ్లపాటు? పది రోజులనీ పక్షం రోజులనీ గడువు పెట్టలేదు. బలం వచ్చేవరకు అని మాత్రమే చెప్పి ఊరుకొన్నది. శోధన చికిత్సల తరువాత ఆహారం ఇచ్చే క్రమంలోనూ మొదట పల్చని జావ, పిదప చిక్కని జావ, ఆపైన పప్పుకట్టు, అటుపైన అన్నం అంటూ మెట్లు కట్టింది. ఒక మెట్టు జీర్ణమైతేనే తరువాతి మెట్టు. ఈ గ్రంథాలలోని వైద్యమంతా నేటికి పనికివస్తుందని నేను వాదించను. కాని గడువును పంచాంగాన్ని బట్టి కాక శరీరాన్ని బట్టి నిర్ణయించిన ఆ చూపు గొప్పది.

ఈ సంగతి అమ్రాబాదు ప్రాంతంవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నల్లమలలో ఎగుడుదిగుళ్ల నేలమీద పుట్టి పెరిగినవారు వారు. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనూ, ఆ పిమ్మట నాగర్‌కర్నూలు జిల్లాలోనూ ఉన్న ఈ మండలం చుట్టూ 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన పులుల అభయారణ్యం వ్యాపించి ఉన్నది. 1940లో ఈ పీఠభూమిమీద చెంచుల నడుమ తిరిగిన హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు 1943లో వారినిగురించి పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఏనాటి గడ్డలు ఆనాడు తవ్వుకొని, ఏనాటి పండ్లు ఆనాడు ఏరుకొని బతికిన జనంగా చెంచులు అందులో కనబడతారు. అది కరువు బతుకు. దానిని ఆదర్శమని పొగడడం కడుపు నిండినవారికి తగని పని. అయితే అడవిలో ఎంత దూరం పోవచ్చునన్నది తిరిగి పెంటకు చేరే శక్తిని బట్టి లెక్క కట్టుకొనే అలవాటు మాత్రం ఆ దారులలో నడిచేవారందరికీ అబ్బుతుంది.

ఆ లెక్క ఎంత గట్టిదో సలేశ్వరం జాతరలో తెలుస్తుంది. చైత్ర పౌర్ణమి ముందువెనుకల కొద్దిరోజులు మాత్రమే ఆ లోయలోకి జనాన్ని పోనిస్తారు. వాహనాలు ఆగినచోటినుండి రాళ్లమీదుగా, ఇరుకు చరియలవెంట కాలినడకన దిగాలి. అడుగున జలపాతం, గుహలో లింగమయ్య, అర్చన చేసే చెంచులు. ‘వస్తున్నాం లింగమయ్యా’ అనే కేకలతో లోయ మారుమ్రోగుతుంది. సామాన్యంగా కొండమీది దేవుడి దగ్గరకు పోయేటప్పుడు ఎక్కుతాము, వచ్చేటప్పుడు దిగుతాము. మోకాళ్లలో సత్తువ లేనివాడికి ఆ సంగతి మొదటి మెట్టుమీదనే తెలిసిపోతుంది. సలేశ్వరం అట్లా కాదు. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. బలహీనుణ్ణి కూడా లోయ సునాయాసంగా లోనికి దించుకొంటుంది. అసలు పరీక్ష ఎండ ముదిరి నీళ్ల సీసా ఖాళీ అయినప్పుడు మొదలవుతుంది.

ఆ వైపు పల్లెలో పనిచేసిన ఒక ఉపాధ్యాయునికి కొన్నేండ్ల క్రిందట క్షయ సోకింది. సంక్రాంతి నాటికి దగ్గు తగ్గక, సాయంకాలపు జ్వరం విడవక, తెమడ పరీక్ష చేయించుకొంటే బయటపడింది. నేడు ఈ వ్యాధికి సామాన్యంగా ఆరు నెలల మందు: మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి, తక్కిన నాలుగు నెలలు మూడు మందులు. ఆయన నియమంగా వేసుకొన్నాడు. రెండు నెలలకు దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, ముఖం కళకట్టింది. సరిగ్గా అప్పటికి చైత్రం వచ్చింది. జబ్బు తగ్గితే సలేశ్వరం వస్తానని మొక్కుకొని ఉన్నాడు గనుక బయలుదేరతానన్నాడు. ఇంట్లో అక్క, బావ, భార్య ఎంత చెప్పినా వినలేదు. చివరకు ఆ దారి ఎరిగిన ఒక చెంచు ముసలాయన అరుగుమీద కూర్చుండి ఒకే మాట అడిగినాడట: “దిగుడంటే దిగుతవు సారూ. ఎక్కుడెవరు ఎక్కుతరు?”

ఆ ఏడు ఆయన పోలేదు. పొరుగింటివారి చేతికి కొబ్బరికాయ ఇచ్చి పంపాడు. తాను ఒక నలభై పుటల నోటుపుస్తకం తీసుకొని పాఠ్యప్రణాళిక వ్రాసినట్లే గీతలు గీసి వ్రాసుకోసాగాడు. ఒక గడిలో ఆనాడు చేసిన పని, రెండవ గడిలో మరునాటి తెల్లవారి ఒంటి తీరు. ‘వేపచెట్టుదాకా నడక – తెల్లవారి బాగున్నది.’ ‘బడి గేటుదాకా – తెల్లవారి బాగున్నది.’ ‘బజారుకు పోయి సంచి మోసుకొని వచ్చినాను – తెల్లవారి లేవబుద్ధి కాలేదు.’ ఆ మూడవ పద్దు కింద ఆయన ఏ వ్యాఖ్యా వ్రాయలేదు. మరునాడు మాత్రం మళ్లీ వేపచెట్టే. నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే నచ్చినది ఆ రెండవ గడి. లక్ష్యం పెట్టుకొన్నవారంతా మొదటి గడి నింపుతారు. అది సాయంకాలానికే నిండుతుంది, మనస్సుకు ఉత్సాహంగా ఉంటుంది. ఆ లక్ష్యం తగినదో కాదో చెప్పేది మాత్రం మరునాటి ఉదయమే.

క్షయవ్యాధికి మందులు లేని రోజులలో వైద్యులు ఈ రెండవ గడినే నమ్ముకొన్నారు. మదనపల్లె దగ్గర 1915లో మిషనరీ సంఘాలు కలిసి ఒక శానిటోరియం నెలకొల్పితే ఆ ఊరికి ఆరోగ్యవరం అనే పేరే వచ్చింది. డెన్మార్కు దేశపు వైద్యుడు ఫ్రిమొట్-మొల్లర్ దానికి చిరకాలం పెద్దగా ఉన్నాడు. ఆనాటి శానిటోరియాలలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, పిదప కొలిచి ఇచ్చిన పని – ఇదే వైద్యం. ఆ కొలతను పద్ధతిగా ఏర్పరచినవాడు ఇంగ్లండులో ఫ్రిమ్లీ శానిటోరియం వైద్యుడు మార్కస్ పాటర్సన్. 1905లో అక్కడ చేరి, పడకమీదినుండి లేచిన రోగికి మొదట కొద్దిపాటి నడక, తరువాత మన్ను నింపిన చిన్న బుట్ట మోయడం, ఆపైన చిన్న పార, పెద్ద పార, చివరకు గుద్దలి అంటూ తరగతులు ఏర్పాటు చేశాడు. ఒంటి వేడి పెరిగితే రోగిని వెనుకకు, పడకకే, పంపేవాడు. పై తరగతికి పోవడం పట్టుదలవల్ల కాదు, ఉష్ణమాపకం ఒప్పుకొంటేనే. పాటర్సన్ చెప్పిన సిద్ధాంతాన్ని తరువాతి వైద్యం త్రోసివేసింది. అయినా వెనుకకు పంపడాన్ని శిక్షగా కాక పద్ధతిలో భాగంగా పెట్టిన ఆ ఏర్పాటును మాత్రం మన బడులవారు కూడ ఆలోచింపదగును.

పిమ్మట మందులు వచ్చినవి. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రం ఒక పెద్ద ప్రశ్న వేసింది: ఇరుకిండ్లలో అరకొర తిండి తినే బీద రోగులకు ఇంటిదగ్గరనే మందులిస్తే నయమవుతుందా, లేక అందరినీ శానిటోరియంలో ఉంచవలెనా? ఒక ఏడాది మందు వాడిన తరువాత ఇంటివద్ద ఉన్నవారూ, మంచి తిండీ విశ్రాంతీ దొరికిన శానిటోరియంవారూ ఇంచుమించు సమానంగానే బాగుపడ్డారని 1959లో ప్రకటించారు. లోకమంతటా క్షయచికిత్స దారి మార్చిన ఫలితమది. క్రిమిని చంపేది మందే, మంచం కాదు అని తేలింది.

అట్లైతే ఈ మెల్లని నడకలెందుకని విద్యార్థులు అడగవచ్చు. మందు క్రిమిని చంపుతుంది. కరిగిపోయిన కండను అది పోయదు. తగ్గిన తూకాన్ని మాత్ర తీసుకొనిరాదు. జార్ఖండులో క్షయరోగులకూ వారి ఇంటివారికీ ఆహారమిచ్చి చేసిన పరిశోధన 2023లో వెలువడింది. మొదటి రెండు నెలలలో బరువు పెరిగిన రోగులలో మరణాలు తక్కువని అందులో తేలింది. ప్రభుత్వం 2018 నుండి క్షయరోగికి పోషణకోసం నెలకు 500 రూపాయలు ఇవ్వసాగింది, 2024 నవంబరునుండి దానిని 1,000 చేసింది. కనుక మొదటి రెండు నెలలకు లక్ష్యం ఏమిటని అడిగితే పొలం దున్నడం కాదు, సలేశ్వరం కాదు, తక్కెడమీద కొంచెం బరువు.

ఇక్కడనే మన వాళ్లు ఎక్కువగా తలక్రిందులవుతారు. తేరుకొనే కాలంలో రెండు రకాల లక్ష్యాలుంటవి. మందు పూర్తిచేయడం మొదటిది. అందులో సడలింపు లేదు. ఆరు నెలలంటే ఆరు నెలలు, దగ్గు పోయినా, బరువు పెరిగినా, ఊరికి పెండ్లికి పోయినా. మధ్యలో విడిస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగని మొండి జబ్బుగా తిరిగివస్తవి. పనిలోకి తిరిగిరావడం రెండవది. అది మెత్తగా ఉండాలి, వంగాలి, అవసరమైతే వెనుకడుగు వేయాలి. మనమేమి చేస్తున్నాము? ఒళ్లు కొంచెం తేలికపడగానే మందు దగ్గర జాలి చూపుతాము, “ఇక చాలులే, వేడి చేస్తున్నవి” అంటాము. పని దగ్గర మాత్రం కఠినులమై, “ఎన్నాళ్లు పడుకొంటావు?” అని మనలను మనమే అదలించుకొంటాము. కఠినంగా ఉండవలసినచోట మెత్తదనం, మెత్తగా ఉండవలసినచోట కాఠిన్యం. ఈ రెంటినీ తారుమారు చేసుకొనకపోతే సగం కోలుకొన్నట్లే. ఆ ఉపాధ్యాయుడు మాత్రలు వేసుకొన్న తేదీలకు పుస్తకంలో చోటివ్వలేదు. ఏమని అడిగితే, “అది లక్ష్యం కాదు సార్, అది హాజరు” అన్నాడు.

విశ్రాంతినే పట్టుకొని వేలాడడం మేలని నేను అనడం లేదు. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి కదలనీయకుండా పడుకోబెట్టే కాలంలో, 1952లో బోస్టన్ నగరపు వైద్యులు లెవైన్, లౌన్ అనేవారు రోగులను త్వరగా లేపి కుర్చీలో కూర్చుండబెట్టి చూశారు. భయపడినట్లేమీ జరగలేదు, మేలే కలిగింది. ఒక కుర్చీ! దానికంటె చిన్న లక్ష్యం ఊహించలేము. దానివల్లనే పడకలపై ఎందరికో భయం వదిలింది. ఇంకొకవైపు, కొన్ని రకాల నిస్త్రాణలలో రోజూ ఇంత చొప్పున పెంచుకొంటూ పోవడమే చెరుపు చేస్తుంది. దీర్ఘకాలపు నిస్త్రాణ వ్యాధికి అటువంటి నిర్ణీత వ్యాయామ క్రమాన్ని సిఫారసు చేయడం మానివేస్తూ బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు వెలువరించే నైస్ సంస్థ 2021లో తన మాట మార్చుకొన్నది. కుర్చీ కథ ఒక దారి చూపితే ఇది వేరొక దారి చూపుతున్నది. ఎవరికి ఏది అన్నది వైద్యుడు నిర్ణయించాలి. ఆయనకు చెప్పడానికి రోగి దగ్గర ఉండవలసిన సమాచారం మాత్రం ఆ రెండవ గడిలోనిదే.

కొన్ని జబ్బులు పోతూ పోతూ మనిషిలో ఒక భాగాన్ని తీసుకొనిపోతవి. అక్కడ పాత లక్ష్యానికి మెల్లగా చేరుకోవడం అన్న మాటే చెల్లదు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి సంగతి తెలుగు పాఠం చెప్పేవారందరూ ఎరిగినదే. ఆయన కవిగా ఎంతటివారో వక్తగానూ అంతటివారు. ఆ కంఠంకోసమే జనం సభలకు వచ్చేవారు. 1960ల తొలి సంవత్సరాలలో గొంతు కాన్సరు ఆ కంఠాన్ని పూర్తిగా హరించింది. అప్పటికి ఆయనకు అరవై దాటినవి. అటుపైన వచ్చినవారితో కాగితపు ముక్కలమీద వ్రాసి మాట్లాడేవారు. ఒక మహావక్తకు మళ్లీ సభలో మాట్లాడడం లక్ష్యంగా పెట్టి ఉంటే ఆ శేషజీవితమంతా ఓటమిగానే మిగిలేది. ఆయన చేయి పనిచేస్తూనే ఉన్నది. 1968లో ‘ఉండమ్మా బొట్టు పెడతా’, 1969లో ‘బంగారు పంజరం’ చిత్రాలకు పాటలు వ్రాశారు. తనకు పలకని గొంతును ఇతరుల గొంతులలో పలికించారు. 1976లో పద్మభూషణం, 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినవి. పురస్కారాలమాట అటుంచితే, ఒక చిన్న చీటీమీద పట్టేంత మాటతో రోజు గడుపుకొనడం నేర్చుకొన్న ఆ తొలి నెలలు ఎట్లా ఉండి ఉంటవో అని నేను తరచు అనుకొంటూ ఉంటాను. తరగతిలో కృష్ణశాస్త్రిని గురించి చెప్పేటప్పుడు విరహం, విషాదం అని చెప్పి ఊరుకొంటాము. ఈ చీటీల సంగతి కూడా పిల్లలకు చెప్పవచ్చును.

తేరుకొనేవాడికి తోడు ఉండవలసినవారి విషయం ఒకటి మిగిలింది. నల్లమలలో తేనెకోసం చెంచులు కొండ చరియకు తాడు కట్టుకొని దిగుతారు. పైన ఆ తాడు దగ్గర బావమరిదినే నిలబెడతారని అంటారు. తాడు తెగితే తన అక్కచెల్లెలి పసుపుకుంకుమలే పోతవి కనుక అతడు ఏమరుపాటుగా ఉండడని నమ్మకం. పైనున్నవాడు దిగేవాడిని తొందరపెట్టడు. క్రిందినుండి వచ్చే సైగను బట్టి తాడు వదులుతాడు, లాగుతాడు. మన ఇండ్లలో రోగిచుట్టూ ఉన్నవారు సైగకోసం ఆగరు. ఒకరు “ఇంకా పడుకొనే ఉన్నావా” అంటారు, మరొకరు “అమ్మో, లేవవద్దు” అంటారు. రెంటివల్లా తాడు బిగుసుకొంటుంది.

ఉపాధ్యాయులకు ఈ తాడు రోజూ చేతికి వస్తుంది. టైఫాయిడో పచ్చకామెర్లో వచ్చి నెలనాళ్లు బడి మానిన పిల్ల ఒకనాడు సన్నబడిన మెడతో తలుపుదగ్గర నిలబడుతుంది. మనకు గుర్తుకు వచ్చేవి పోయిన పాఠాలు, వ్రాయని నోట్సులు, దగ్గరపడుతున్న పరీక్ష. పదవ తరగతి అయితే ఇక చెప్పనక్కరలేదు. ఆ పిల్లకు వెంటనే ఆరు సబ్జెక్టుల బాకీ చూపిస్తాము. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆమె అన్నీ తెరుస్తుంది, ఏదీ చదవలేదు, నాలుగవనాడు తలనొప్పి అని మళ్లీ ఇంట్లో ఉండిపోతుంది. మనం దానిని సోమరితనమంటాము.

మొదటి వారం మధ్యాహ్నందాకా బడి చాలును, వైద్యుడు సరేనంటే. పోయిన పాఠాలలో తరువాతి పాఠానికి ఆధారమైనవి ఏవో ఏరి, అవి మాత్రమే ఒక తోటి పిల్ల దగ్గర కూర్చుండబెట్టి చెప్పించవచ్చును. చరిత్రలో ఒక అధ్యాయం పోతే పోవచ్చు. బీజగణితంలో సమీకరణాలు పోతే తరువాతిది అర్థం కాదు. ఆ తేడా తెలిసినది ఉపాధ్యాయునికే, అది ఏరి ఇవ్వడమే ఆయన చేయగల పథ్యం. ఆటల గంటలో ఆమెను ఒంటరిగా తరగతిలో వదలక గీతబయట నిలబెట్టి లెక్క వ్రాయమనవచ్చు. ప్రొద్దున మొదటి గంటలో నల్లబల్లమీద తేదీ, వారం, తిథి వ్రాసే పని ఆ పిల్లకు అప్పగించవచ్చు. అది అర నిమిషం పని. చేయి పైకెత్తి వ్రాయడానికి ఆనాటికి ఆమెకు అంత సత్తువ ఉన్నదో లేదో వెనుకబెంచీదాకా అందరికీ కనబడుతుంది. అక్షరాలు వంకరపోయిననాడు ఏమీ అనకుండా మిగతా సగం మనం వ్రాసి పాఠం మొదలుపెట్టవచ్చు.